ధనబోడు స్తూపం: జగ్గయ్యపేట కొండల బౌద్ధ గతం

ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా (2022 వరకు కృష్ణా జిల్లా) మెట్ట ప్రాంతంలో జగ్గయ్యపేట చెంతనున్న ధనబోడు గుట్టపై క్రీస్తుపూర్వపు లిపి గల పలకలతో కూడిన బౌద్ధ స్తూపం, అనగా బుద్ధుని స్మారకంగా అర్ధగోళాకారంలో కట్టిన నిర్మాణం, ఉండేది. 1882లో పురాతత్వవేత్త జేమ్స్ బర్జెస్ దానిని పరిశోధించేనాటికే ఇటుకలను, రాళ్లను ఇళ్ల కోసం తరలించుకుపోవడంతో ఈ సుమారు 31 అడుగుల వ్యాసపు కట్టడం చాలావరకు శిథిలమైంది. తెలుగునేల శిల్పచరిత్రకు ఇది తీరని నష్టం.

మిగిలినవాటిలో మిక్కిలి విలువైనవి ఆయక స్తంభాల శాసనాలు. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన వేదికలపై అయిదేసి చొప్పున నిలిపే స్తంభాలను ఆయక స్తంభాలంటారు. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో, తూర్పు ద్వారం వద్ద అయిదు స్తంభాలను నిలిపినవాడు రాజబంధువు కాడు, సిద్ధార్థుడనే ఆవేశని, అనగా శిల్పకారుడు. తండ్రి నాగచంద్రుడూ అదే వృత్తివాడని శాసనమే చెబుతున్నది. రాతిపని చేసే చేతులే దానం చేసి, తమ ఊరిపేరు, కుటుంబం పేర్లతో సహా చరిత్రలో నిలవడం ఈ శాసనాల ఘనత.

ఇక్కడే దొరికిన మాంధాత చక్రవర్తి ఫలకంలో రాజు చేయెత్తగా నాణేలు వర్షంలా కురుస్తాయి. చక్రం, ఏనుగు, గుర్రం మొదలైన సప్తరత్నాలు ఆయనను పరివేష్టించి ఉంటాయి. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

ఈ ప్రాంతంలో స్తూపం ఇదొక్కటే కాదు; నందిగామ పరిసరాల్లోని గుమ్మడిదుర్రులోనూ ఒకటి బయల్పడింది. ఇక ఊరి పేరు మాత్రం చాలా తరువాతి కాలానిది: బేతవోలు అనే పూర్వనామం గల జగ్గయ్యపేటకు నేటి పేరు అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య జ్ఞాపకార్థం పెట్టినది.