వేలికి 42 రూపాయలు

దుర్గ్, రాయ్‌పూర్ వైపు నుంచి కట్ని వైపు వెళ్ళే రైలు బిలాస్‌పూర్ స్టేషన్‌లోకి వెళ్తే ఇంజన్‌ను ఒక కొసన విప్పి, తిప్పి తెచ్చి రెండో కొసకు తగిలించాలి. ఆ పని తప్పించడానికే కొన్ని రైళ్ళను పక్కనున్న ఉస్లాపూర్ మీదుగా మళ్ళిస్తున్నారు. ప్రయాణికుడికి దానివల్ల కొంత సమయం కలిసొస్తుంది. కానీ బండ్లను విప్పడం, తగిలించడం అనే ఆ పనికి రైల్వే కార్మికుల చరిత్రలో వేరే అర్థం ఉంది. పాత స్క్రూ కప్లింగుల కాలంలో పోర్టరు నడుం వంచి రెండు బఫర్ల మధ్యకు దూరేవాడు. బరువైన ఇనుప లంకెను రెండు చేతులా ఎత్తి ఎదుటి బండి కొక్కేనికి తగిలించి, మర తిప్పి బిగించేవాడు. అతను బయటికి రాకముందే బండి అడుగు మేర కదిలిందంటే వేళ్ళో, చెయ్యో, ప్రాణమో పోయేది. అలా చెయ్యి పోగొట్టుకుని బతికినవాడికి ఏమివ్వాలన్న ప్రశ్నకు మన దేశంలో చట్టం జవాబు చెప్పడం మొదలుపెట్టి నూరేళ్ళు దాటింది. ఆ జవాబు పోయిన అవయవాన్ని కొలిచినంత శ్రద్ధగా పోయిన పనిని కొలవలేదన్నదే నా వాదన.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1891 నాటికి దాని ప్రధాన మార్గం నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పడింది. 1902 నాటికి తూర్పు తీరం మార్గంలో ఉత్తర భాగం కూడా వాల్తేరు వరకు ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1931లో పార్వతీపురం కొండల గుండా విజయనగరం, రాయ్‌పూర్‌లు కలిశాయి. ఆ పట్టాల వెంటే ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు తరలివెళ్ళి గ్యాంగుల్లో, షెడ్లలో, యార్డుల్లో కుదురుకున్నాయి. బి.ఎన్.ఆర్. కార్మికులను కూడగట్టి 1927 ఖరగ్‌పూర్ పోరాటంలో ముందు నిలిచిన వి.వి. గిరి కూడా బరంపురంలో పుట్టిన తెలుగువాడే. సొంతూళ్ళో సెంటు భూమి లేక వచ్చినవాడికి ఒంట్లోని సత్తువే ఆస్తి. క్వార్టరు కూడా ఉద్యోగంతోపాటే వచ్చేది, ఉద్యోగంతోపాటే పోయేది. ఆ ఇంట్లో ఒక చెయ్యి పోవడమంటే ఎంత పోవడమో అర్థం కావాలంటే ఈ నేపథ్యాన్ని గుర్తు పెట్టుకోవాలి.

1923కు ముందు గాయపడ్డ కార్మికుడు పరిహారం కోరాలంటే యజమాని తప్పును కోర్టులో రుజువు చేయాలి. 1855 నాటి ప్రమాద మరణాల చట్టం చనిపోయినవారి వారసుల కోసం వచ్చింది తప్ప, బతికి మూలన పడ్డవాడికి అదీ అక్కరకు రాలేదు. జర్మనీలో 1884లో, ఇంగ్లండులో 1897లో వచ్చిన సూత్రం మన దగ్గరికి 1923 కార్మిక నష్టపరిహార చట్టంగా వచ్చి, 1924 జులై 1 నుంచి అమలైంది. పనిలో, పనివల్ల గాయమైతే చాలు, యజమాని తప్పు రుజువు కానక్కరలేదని అది ఒప్పుకుంది. రైల్వే ఆఫీసుల్లో కూర్చునేవారు తప్ప రైల్వే సేవకులు దాని పరిధిలోకి వచ్చారు. ఇది చిన్న మలుపు కాదు. బఫర్ల మధ్య ప్రమాదం ఆ వృత్తిలోనే ఉందని, దాని ఖర్చు కంపెనీ లెక్కలో పడాలని మొదటిసారి అంగీకరించారు.

1923లో ఆ చట్టానికి అనుబంధంగా ఒక పట్టిక పెట్టారు. కుడి చెయ్యి మోచేతి దగ్గర గానీ పైన గానీ పోతే సంపాదన శక్తిలో నూటికి 70 వంతులు పోయినట్టు, ఎడమ చెయ్యి అయితే 60. కాలు మోకాలి కింద పోతే 50, ఒక కన్ను 30, బొటనవేలు 25, చూపుడువేలు 10, మిగతా వేళ్ళలో ఏదైనా 5. పూర్తి శాశ్వత వైకల్యానికి 42 నెలల జీతం గానీ 3,500 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది. నెలకు 20 రూపాయలు తెచ్చుకునే ఖలాసీని ఊహించుకుంటే లెక్క ఇలా తేలుతుంది: మొత్తం మనిషికి 840 రూపాయలు, కుడి చేతికి 588, బొటనవేలికి 210, ఉంగరపు వేలికి 42. రెండు నెలల జీతానికి కాస్త ఎక్కువ. ఒక్కసారి చేతిలో పెడితే లెక్క సరిపోయినట్టే.

పట్టికను సమర్థించేవారి మాటలోనూ బలం ఉంది. అంకె ముందే రాసి ఉండకపోతే ప్రతి వేలికీ ఒక వ్యాజ్యం నడుస్తుంది, వకీలును పెట్టుకోలేని కార్మికుడే ఓడిపోతాడు అంటారు. నిజమే. అయితే పట్టిక కనీస హామీగా ఉండటం వేరు, గరిష్ఠ హద్దుగా మారడం వేరు. అదే చట్టం పూర్తి వైకల్యాన్ని నిర్వచిస్తూ, ప్రమాదం జరిగేనాటికి ఆ మనిషి చేయగలిగిన పనులన్నిటికీ పనికిరాకుండా పోవడం అంది. అంటే కొలత ఒంటికి కాదు, పనికి. ఆ మాటకు పూర్తి విలువ ఏమిటో చూపిన తీర్పు కోసం 1975 దాకా ఆగాల్సి వచ్చింది. ఒడిశాలో కోరాపుట్ జిల్లా జైపూర్‌లో 1968లో సినిమాహాల్లో నగిషీ పని చేస్తూ ఒక వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి తీసేశారు. యజమాని దాన్ని పాక్షిక వైకల్యమే అన్నాడు. వడ్రంగం ఒంటి చేత్తో సాగదు, కనుక ఇది పూర్తి వైకల్యమే అని కమిషనర్ చెప్పిన మాటను సుప్రీంకోర్టు సమర్థించింది. ఉలిని ఒక చెయ్యి పట్టుకుంటే సుత్తి పట్టడానికి రెండో చెయ్యి కావాలన్న సంగతి ఏ పట్టికలోనూ ఉండదు.

రైల్వేలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక కన్ను పోతే 1923 పట్టిక ప్రకారం పోయింది 30 వంతులు, కానీ ఇంజన్ డ్రైవరుకు కావలసిన చూపు పరీక్షలో అతను పూర్తిగా తప్పినట్టే. అందుకే రైల్వే తన నియమాల్లో వైద్యపరంగా ఒక తరగతి నుంచి తప్పించినవారికి మరో పని చూపే పద్ధతి పెట్టుకుంది. 1995 వికలాంగుల చట్టం 47వ సెక్షన్ దాన్ని హక్కుగా మార్చింది: సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ఇవ్వడానికి ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలి. 2016 చట్టం కూడా ఈ రక్షణను నిలబెట్టింది. పరిహారం అంటే ఏమిటో ఇక్కడే సరిగ్గా అర్థమైంది. డబ్బు కన్నా ముందు మనిషికి పనిలో చోటు మిగలాలి.

స్వతంత్రంగా బతకడానికి ఒకేసారి ఇచ్చే మొత్తమే మేలని, ఊరికి పోయి చిన్న కొట్టో, రెండు గేదెలో పెట్టుకోవచ్చని కొందరంటారు. నెలనెలా ఇస్తామన్న యజమాని రేపు కనబడకపోతే ఏం చేస్తారని కూడా అడుగుతారు. రెండో ప్రశ్నకు 1948 ఇ.ఎస్.ఐ. చట్టం ఎప్పుడో జవాబిచ్చింది. అక్కడ శాశ్వత వైకల్య భృతి నెలనెలా, బతికినంత కాలం, యజమాని నుంచి కాకుండా కార్పొరేషన్ నుంచి వస్తుంది. ఇక మొదటిదానికి: అప్పులు, పెళ్ళిళ్ళు, వైద్యం చుట్టుముట్టిన ఇంట్లో పెద్ద మొత్తం ఎన్నాళ్ళు నిలుస్తుంది? గాయం జీవితాంతం ఉంటుంది కనుక భృతి కూడా జీవితాంతం ఉండాలి. కార్మికుడి నిర్లక్ష్యానికి ప్రతిఫలం ఇస్తారా అనే అభ్యంతరమూ పాతదే. ఆజ్ఞ మీరినా, మత్తులో ఉన్నా, మరణానికి పరిహారం ఆపరాదన్న నియమాన్ని 1923 చట్టానికి 1995లో వచ్చిన సవరణ పూర్తి శాశ్వత వైకల్యానికీ వర్తింపజేసింది. శిక్ష వేరు, కుటుంబం కూడు వేరు అని చట్టమే గుర్తించింది.

సూత్రం ఇంత దూరం వచ్చినా అందరి దగ్గరికీ సమానంగా రాలేదు. పర్మినెంటు ట్రాక్‌మన్ కాలు పోతే అతనికి మరో పని, అదే జీతం. అదే పట్టాల మీద గుత్తేదారు కింద కంకర ఎత్తే మనిషికి మళ్ళీ పట్టికే దిక్కు. గుత్తేదారు ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలని 1923 చట్టం 12వ సెక్షన్ మొదటి నుంచే చెప్పినా, అది చెప్పింది డబ్బు గురించే. ఆ డబ్బు పెరిగింది, కాదనను. 2020 జనవరి నుంచి నెల జీతాన్ని 15,000 దాకా లెక్కలోకి తీసుకున్నారు. నలభై ఏళ్ళ మనిషికి పూర్తి వైకల్యమైతే 16,57,530 రూపాయలు, బొటనవేలికి ఇప్పుడు 30 వంతులు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ పట్టికను కొనసాగించింది. పట్టిక ఉండనివ్వండి. దాని పక్కనే 47వ సెక్షన్ పర్మినెంటు ఉద్యోగికి ఇచ్చిన మాటను గుత్తేదారు మనిషికీ ఇవ్వాలి: ఎవరి పట్టాల మీద కాలు పోయిందో ఆ సంస్థే అతనికి చేయగలిగిన పని చూపాలి, లేదా నెలనెలా భృతి అందేలా చూడాలి. ఉస్లాపూర్ మీదుగా ఇంజన్ విప్పకుండా సాగిపోయే రైలు కింద పట్టాలను ఈ రోజుకీ మనుషులే సరిచేస్తున్నారు.