ఇంటికావలి - నాడును నేడును



శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పిల్లలు పనులకై విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును, సముద్రముల కావలి దేశములకును పోగా, ఇండ్లను కాచుకొనువారము ముసలివారమే. దూరముననున్న పిల్లలు మనకొరకు కెమెరాలు పంపుచున్నారు. అవి గోడ కెక్కినంత మాత్రమున ఇల్లు భద్రమని మనము తలంచుచున్నాము. నేనును అట్లే తలంచితిని.

ఆ మధ్య మేము పదిదినములు కుమారుని యింట నుండి తిరిగివచ్చునప్పటికి పెరటిగది తాళము విరిగియుండెను. మా తల్లినాటి రాగిగంగాళము లేదు. కెమెరా యున్నది గదా యని ధైర్యముతో వెదకించితిని. అందు ఏడుదినముల చిత్రములు మాత్రమే నిలిచియున్నవి. ఆ ఏడుదినములలోను ఆ తలుపు తెరచియే యున్నది! దొంగ వచ్చిన రాత్రి చెరిగిపోయినది. పిల్లి నడచినను, అరటాకు కదలినను ఫోను మ్రోగుచుండుటచే మావాడు ఆ హెచ్చరికలను ముందే ఆపివేసియుండెను. మా కావలివాడు చూచినాడు, పిలువలేదు, పిదప మరచినాడు.

కావలి యనునది మనకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగరికు డను పురాధికారియు, పది, ఇరువది, నలువది కుటుంబముల లెక్క నుంచుకొను గోపుడును చెప్పబడిరి. తన యింటికి వచ్చినవారిని, పోయినవారిని గృహస్థు తెలుపవలెను. మన గ్రామములలో ఆ పని తలారిది. దొంగసొత్తు దొరకనిచో కావలివారే పరిహారము చెల్లింపవలె నను ఆచారము దక్షిణదేశమున పలుచోట్ల నుండెడిది. 1802లో శాశ్వత పరిష్కారముతో జమీందారుల చేతినుండి పోలీసు అధికారము తొలగినది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషను గ్రామపెద్దకును తలారికిని ఆ బాధ్యతలో పాలు పంచినది. 1984లో రాష్ట్ర ప్రభుత్వము గ్రామాధికారుల పదవులను రద్దుచేసినది.

కావలివారుండుటయే కావలి కాదనుటకు మన సీమచరిత్రయే సాక్షి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలినది. కొలదిదినములకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ శిబిరము చొచ్చి విజయరామరాజుగారిని గుడారములోనే సంహరించెను. చుట్టును సైన్య మున్నది, కావలియు నున్నది. వారు వచ్చి పట్టునప్పటికి జరుగవలసినది జరిగిపోయినది. ఎటు చూడవలెనో, ఎప్పుడు పలుకవలెనో తెలియని కావలి ఎంత పెద్దదైనను నిష్ఫలము.

ఇక యంత్రపుకావలి కథ. 1942లో జర్మనీ దేశమున పీనెమ్యూండేలో రాకెట్టు ప్రయోగములను దూరమునుండి చూచుటకు వాల్టర్ బ్రూఖ్ అను నింజనీరు కెమెరాలను అమర్చెను. దానిని ఇంటికి తెచ్చినది ఒక స్త్రీ. న్యూయార్కు నగరమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు, పిలిచినను పోలీసులు త్వరగా రాని పేటలో వసించుచు, తలుపునకు నాలుగు రంధ్రములు పెట్టి, వాని వెంట పైకి క్రిందికి జరుగు కెమెరాను, పడకగదిలో టెలివిజనును, వచ్చినవారితో మాటలాడు సాధనమును, అపాయసూచక మీటను కల్పించినది. 1966లో దరఖాస్తు పెట్టగా 1969లో ఆమెకును భర్తకును పేటెంటు లభించినది. 1996లో స్వీడను దేశపు ఆక్సిస్ కంపెనీ నెట్టునకు తగిలించు కెమెరాను విక్రయించినది. నాటినుండి కెమెరా కన్ను మాత్రమే యైనది. బుద్ధి దానిని నడపు సాఫ్టువేరులో నున్నది.

కావున ఆ బుద్ధిని పరీక్షించి యెన్నుకొనవలెను. మొదటి ప్రశ్న: చిత్రములు ఎచ్చట, ఎన్నినాళ్లు నిలుచును? ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పంపినచో దినమునకు సుమారు 21.6 గిగాబైట్లు నిండును. నాలుగు కెమెరాలకు 86. వేయి గిగాబైట్ల డిస్కు పదునొకండు దినములకే నిండి, పాతదానిని చెరపి కొత్తది వ్రాసికొనును. జనము కూడు సంస్థలు 30 దినములు చిత్రములు దాచవలెనని 2013 నాటి మన రాష్ట్ర ప్రజాభద్రతా చట్టము విధించినది. గృహస్థునకును అది మంచి కొలత.

రెండవది: మనుష్యునికిని పిల్లికిని భేదము నెరుగునా? చిత్రములో వాకిలి, పెరటితలుపు మాత్రమే గీత గీసి చూపి, ఆకులు కదలు చోటును విడిచిపెట్టుమని చెప్పుటకు వీలున్నదా? మూడవది: ఒక కంపెనీ కెమెరా మరియొకరి సాఫ్టువేరుతో కలియునా? ఇందుకై 2008లో ఓన్విఫ్ అను ఉమ్మడి పద్ధతి యేర్పడినది. దాని నంగీకరించు కెమెరాకు జోన్‌మైండర్, ఫ్రిగేట్ వంటి ఉచిత సాఫ్టువేరులను ఇంటి కంప్యూటరులోనే నడుపవచ్చును. చిత్రములు పరుల యింటికి పోవు. అయితే దొంగ ఆ పెట్టెనే యెత్తికొనిపోవచ్చును గనుక, దానిని లోపలిగదిలో తాళము వేసి యుంచవలెను.

నాలుగవది తాళపుచెవి, అనగా సంకేతపదము. 2016లో మిరాయి అను దుష్టప్రోగ్రాము, కంపెనీవారిచ్చిన సంకేతపదము మార్చని కెమెరాల వంటి యంత్రములను లక్షలకొలది లోబరచుకొని అమెరికాలో నెట్టును స్తంభింపజేసినది. కెమెరా బిగించిన పనివాడు పెట్టిన సంకేతపదమును ఆనాడే మార్చుడు.

ఊరు విడుచునపుడు తెలిపినవారి యింట పోలీసులే కెమెరా నుంచు ఎల్.హెచ్.ఎం.ఎస్. పద్ధతి మన రాష్ట్రమున మొదలైనది. పోవునపుడు చెప్పి పొమ్మను కౌటిల్యుని మాటయే ఇందును గలదు. చిత్రమును న్యాయస్థానమున చూపవలెనన్నచో, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రము కావలెను. కావున దొంగతనము తెలిసినవెంటనే చిత్రమును వేరుగా దాచి, మూలమును కదల్చక యుంచుడు.

ఇంకొకమాట. మా కెమెరా మొదట పొరుగువారి స్నానపుదడి వైపు తిరిగియుండెను. ఆ యింటి యిల్లాలు ఏమియు అనక దడిపై గోనె కప్పుకొన్నది. చూచి సిగ్గుపడి నాడే దానిని త్రిప్పించితిని. మన వస్తువును కాచుటకు పరుల మానమును బయటపెట్టుట కావలి కాదు.

తలారికి మాన్యముండెను, సొత్తు పోయినచో జవాబు చెప్పెడివాడు. యంత్రమునకు మాన్యము లేదు, జవాబుదారియు లేదు. ఆ బాధ్యత గృహస్థునిదే. నెలకొకమారు, మొదటి దినమున, పాత చిత్రము నొకదానిని తెరపించి చూడుడు. ఎన్నినాళ్లనాటిది దొరకునో లెక్కించుడు. నేనా పని ముందే చేసియున్నచో మా తల్లి గంగాళము మా యింటనే యుండెడిదేమో.