యీషున్‌లో పని, కూలి, నిరుద్యోగం

యీషున్ అంటే మీలో చాలామందికి సింగపూరు ఉత్తరాన ఉన్న హెచ్‌డీబీ ఇళ్ళ పేట. నేనుండేదీ అక్కడే. రబ్బరు, అనాస వ్యాపారాల్లో పేరుమోసిన లిమ్ నీ సూన్ (1879-1936) పేరే మాండరిన్ ఉచ్చారణలో యీషున్ అయింది. ఈ కథకూ రబ్బరే మొదలు.

1930లో రబ్బరు ధర పడిపోయింది. అప్పటికి మలయా తోటల్లో తమిళులతోపాటు మన విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళూ ఉన్నారు. భారతీయ కూలీలకు ప్రభుత్వం కట్టిన కూలి రేటు ఉండేది. పనులు తగ్గగానే ఆ రేటూ తగ్గించారు, పని లేనివాళ్ళను ఓడలెక్కించి మద్రాసుకు పంపారు. రెండు మూడేళ్ళలో లక్షమందికి పైగా తిరిగొచ్చారు. అక్కడి నిరుద్యోగం ఓడెక్కి మన పల్లెలకు వచ్చిందన్నమాట! 1938లో మళ్ళీ కూలి కోత వచ్చేసరికి భారత ప్రభుత్వం మలయాకు కూలీల వలసనే ఆపేసింది.

ఒక ప్రాంతంలో నిరుద్యోగం రెట్టింపైతే అక్కడి జీతాలు ఇంచుమించు పదోవంతు తక్కువగా ఉంటాయని బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు 1994లో పుస్తకం రాశారు. సరే, ఆ కోత ఎవరి మీద ఎంత పడుతుంది?

యీషున్ పక్కనే సెంబవాంగ్. అక్కడి బ్రిటిష్ నౌకాస్థావరంలో మలయాళీలు, తమిళులు వేలల్లో పనిచేసేవారు. సేనలు వెళ్ళిపోతాయని 1968 జనవరిలో ప్రకటన వచ్చింది. 1971 చివరికి దాదాపు అందరూ వెళ్ళిపోయారు. సింగపూరు ఆదాయంలో సుమారు ఐదోవంతు ఆ స్థావరాల మీద ఆధారపడిన రోజులవి. రేవు పనివాళ్ళలో కొందరిని కొత్తగా పెట్టిన సెంబవాంగ్ షిప్‌యార్డు తీసుకుంది. దొరల ఇళ్ళల్లో వంట చేసిన ఆయాల సంగతి? 1968 ఉద్యోగ చట్టం ఇంటిపనివాళ్ళను లెక్కలోకే తీసుకోలేదు. వాళ్ళ జీతం ఎంత తగ్గిందో ఏ రికార్డులో వెతకాలి?

1985 మాంద్యం తర్వాత కోత బాహాటంగానే జరిగింది. 1986లో యజమానులు సీపీఎఫ్‌కు కట్టే వాటాను 25 నుంచి 10 శాతానికి దించారు. నెలజీతం అంతే, పొదుపు తగ్గింది. తర్వాతి ఏళ్ళలో ఆ వాటాను మళ్ళీ పెంచారు కూడా. పర్మిట్ మీద వచ్చిన కూలీకి పని పోతే పర్మిట్టూ పోయేది, విమానమెక్కేవాడు. స్థానిక నిరుద్యోగుల లెక్కలో అతని పేరుండదు. ఊళ్ళో అప్పు మాత్రం అలాగే ఉంటుంది.