ట్రాన్స్‌ఫార్మర్ చందా

మా అపార్ట్‌మెంటు డాబా మీద సోలారు పలకలు పెట్టించే విషయమై ఇప్పటికి మూడు మీటింగులయ్యాయి. మూడుసార్లూ సమోసాలైపోయాయి, పని మాత్రం కాలేదు. ఉన్నవి 60 ఫ్లాట్లు. సగానికి పైగా నా బాపతు సాఫ్టువేరు వాళ్ళే. ఎక్సెల్ తెరిచి పెట్టుబడి ఎన్నాళ్ళకి తిరిగొస్తుందో లెక్క కట్టలేనివాడు మాలో ఒక్కడూ లేడు. అయినా తేలలేదు. అమెరికాలో ఉన్న ఓనరు "నేను మీ లిఫ్టు ఎక్కను, నేనెందుకు కట్టాలి" అని మెయిలు పెట్టాడు. పై అంతస్తాయన డాబా కారితే పూచీ ఎవరిదన్నాడు. అద్దెకున్నవాళ్ళు మాకేం సంబంధమన్నారు (నిజమే కదా). ఇంకొకాయన రెండేళ్ళు ఆగితే రేట్లు ఇంకా తగ్గుతాయన్నాడు. ఆయన రెండేళ్ళ కిందట కూడా సరిగ్గా ఇదే మాటన్నాడు.

మొన్న ఊరికి పోయినప్పుడు ఈ గోడు మా పెద్దనాయినకి చెప్పుకున్నా. మాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు. ఆయన అంతా విని, "అరవై ఇండ్లంటివి, అందరు నౌకర్లు చేసేటోళ్లే అంటివి. ఒక్క మిషిన్‌కు చందా ఏసుకోరాలేదారా మీకు?" అన్నాడు.

చెప్పొద్దూ, సిగ్గేసింది. ఎందుకంటే చందా వేయడమంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు. మా చెలక పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు మీద ఒకప్పుడు 18 మోటార్లుండేవి. ఎండాకాలం వచ్చిందంటే అది కాలడం ఖాయం. రిపేరు ఖర్చు రైతు మీద పడకూడదని కాగితం మీద ఉంటుంది. పొలం ఎండిపోతుంటే కాగితం కోసం ఎవడాగుతాడు? ఆ సాయంత్రమే రచ్చబండ దగ్గర కూర్చునేవాళ్ళు. 5 హార్స్‌పవర్ మోటారుకి ఇంత, ఏడున్నరకి దాని మీద ఒకటిన్నర రెట్లు. బోరు ఎండిపోయినవాడికి ఆ ఏడు చందా లేదు. చేతిలో డబ్బులేనివాడికి పంటదాకా గడువు. ఉండీ కట్టనివాడి సర్వీసు వైరు స్తంభం మీంచి పీకేసేవాళ్ళు. ట్రాక్టరు మాట్లాడి, ట్రాన్స్‌ఫార్మరు దింపి, రిపేరు షెడ్డుకి తోలి, నాలుగో రోజుకి తెచ్చి ఎక్కించేవాళ్ళు. ఈ రూల్సు ఎవరూ ఎక్కడా రాయలేదు. కానీ అందరికీ తెలుసు. లోడు ప్రకారం వాటా, కట్టలేనివాడికి మినహాయింపు, ఎగ్గొట్టేవాడికి శిక్ష. మా అసోసియేషన్ బైలాస్ 14 పేజీలుంటాయి, అందులో ఈ మూడూ లేవు.

అసలు ఈ మెట్ట ప్రాంతంలో కరెంటు చరిత్రంతా "మొదటి రూపాయి ఎవరు పెట్టారు" అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఒక్కసారి మ్యాపు చూడండి. కృష్ణా నది పాలమూరు, నల్గొండ జిల్లాల అంచునే పారుతుంది. జూరాల దగ్గర 234 మెగావాట్లు, శ్రీశైలం ఎడమగట్టున భూగర్భ విద్యుత్ కేంద్రంలో 900 మెగావాట్లు, కింద సాగర్‌లో ఇంకొంత. నదేమో లోయలో, మన చెలకలేమో ఎత్తు మీద. 1955 డిసెంబరు 10న సాగర్‌కి శంకుస్థాపన జరిగింది. ఎడమ కాలువ వచ్చాక మిర్యాలగూడ వైపు పచ్చబడింది. దేవరకొండ, మునుగోడు ఎండగానే ఉండిపోయాయి. పక్కన పారే నీళ్ళు ఎక్కిరాలేదు గానీ ఆ నీళ్ళతో పుట్టిన కరెంటు మాత్రం తీగెల మీద ఎక్కొచ్చింది. ఆ కరెంటుతో మనం గట్టి రాతి కిందున్న కాసిని నీళ్ళు తోడుకున్నాం.

ఇందులో ప్రభుత్వం ఏం భరించింది? నెలనెలా వచ్చే బిల్లు. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయల స్లాబు. 2000లో చార్జీలు పెంచితే ఉద్యమం లేచింది, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వైఎస్ ప్రమాణ స్వీకారం చేస్తూనే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. బిల్లు సున్నా అయింది, బాగుంది. మరి బోరు? మోటారు? పైపులు? స్టార్టరు? అవన్నీ రైతు అప్పు. మా నాయిన వేసిన మొదటి బోరు 180 అడుగులు, ఆఖరుది 560. మధ్యలో మూడు ఫెయిలు. పక్కవాడి బోరుకంటే లోతుకి పోవాలన్న పోటీయే తప్ప, ఇద్దరం కలిసి ఒకటేసుకుందామన్న మాట రాలేదు. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం ఉమ్మడిది కాబట్టి దానికి చందా. బోరు సొంతం కాబట్టి దానికి వడ్డీ.

కలిసి వేసుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 1995 నుంచి 2003 దాకా నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో ఏపీవెల్ అనే ప్రాజెక్టు నడిచింది. ఏడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్, నల్గొండ కూడా ఉన్నాయి. మూడు వేలకు పైగా బోర్లు, సుమారు నాలుగు కుటుంబాలకి ఒకటి చొప్పున. ఖర్చులో కొంత వాటా రైతులు కట్టాలి, ఆ తర్వాత నడుపుకునే ఖర్చు వాళ్ళదే. మనవాళ్ళు కలవరు అని తేలిగ్గా అనేస్తాం కదా. కలవడానికి ఒక పద్ధతి చూపిస్తే కలుస్తారు.

ఇంకా పెద్ద ఉదాహరణ మన ఉత్తరానే ఉంది. సిరిసిల్ల. అన్నట్టు, ఆ కథ అమెరికాలో మొదలైంది. 1930లలో అక్కడి పల్లెల్లో పది కమతాల్లో ఒకదానికే కరెంటుండేది. లాభం రాదని ప్రైవేటు కంపెనీలు తీగెలు లాగలేదు. 1935లో రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి, రైతులు సహకార సంఘాలు కట్టుకుంటే అప్పు ఇప్పించాడు. ఆ నమూనా ఇక్కడికొచ్చింది. 1969లో మన దగ్గర గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. పీఎల్-480 కింద వచ్చిన అమెరికా గోధుమలకి మనం రూపాయల్లో చెల్లించిన డబ్బే దాని తొలి పెట్టుబడిలో కొంత. దేశంలో ప్రయోగాత్మకంగా ఎంచుకున్న ఐదు విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్ల ఒకటి, 1970లో పని మొదలెట్టింది. కరెంటు వాడుకునేవాడే వాటాదారు, వాడే ఓటరు. 2022 డిసెంబరులో పాలకవర్గానికి ఎన్నికలు జరిగితే పార్టీలన్నీ అసెంబ్లీ ఎన్నికల్లా కొట్టుకున్నాయి. అదే ఐదింట్లో ఒకటైన మహారాష్ట్రలోని ములా-ప్రవర బకాయిలు పేరుకుపోయి 2011లో చేతులెత్తేసింది. అంటే సహకారం అన్న మాట దానంతటదే మంత్రం కాదు. వసూలు చేయగలిగినవాళ్ళే బతికారు. మా ఊళ్ళో వైరు పీకే రూలు ఊరికే పుట్టలేదు లెండి.

ఇప్పుడు సోలారు దగ్గరకొద్దాం. పాత మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలో కొండారెడ్డిపల్లి ఉంది. రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక ఆయన సొంతూరైన ఈ పల్లెను పూర్తి సోలారు గ్రామం చేశారు. 2025 సెప్టెంబరులో ప్రారంభించారు. సుమారు 480 ఇళ్ళు, ఇంటికి 3 కిలోవాట్లు. ఖర్చు 10 కోట్లకి పైగా. అందులో సుమారు మూడున్నర కోట్లు కేంద్రం సబ్సిడీ, నాలుగు కోట్లు ప్రీమియర్ ఎనర్జీస్ కంపెనీ సామాజిక బాధ్యత నిధులు. అదే ఏడు మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. గిరిజన రైతుల భూములకి పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో బోరు, సోలారు పంపు. లక్ష్యం 2.10 లక్షల మంది, 6 లక్షల ఎకరాలు, 12,600 కోట్లు.

మాచారం గురించి నాకే పేచీ లేదు. పోడు భూమి సాగుచేసుకునే చెంచుల్ని వాటా కట్టమనడం అన్యాయం. కొండారెడ్డిపల్లిని కూడా వెక్కిరించను, ఊరంతా వెలగడం మంచిదే. కానీ ప్రతి ఊళ్ళోనూ ముఖ్యమంత్రి పుట్టడు కదండీ. మా ఊరి సంగతేంటి? పాతికేళ్ళు పనిచేయాల్సిన పలకలవి, మధ్యలో ఇన్వర్టరు కనీసం ఒక్కసారైనా పోతుంది. అప్పుడు ఎవరు దింపి ఎక్కిస్తారు? చందా రూలు ఉన్న ఊరైతే నాలుగు రోజుల పని. లేని ఊరైతే అర్జీ.

మా అపార్ట్‌మెంటు లెక్క కూడా చెప్తాను. 30 కిలోవాట్లకి మాకొచ్చిన కొటేషను 15 లక్షలు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంటు ఉమ్మడి అవసరాలకి కిలోవాటుకి 18,000 సబ్సిడీ, అంటే 5.4 లక్షలు. అయితే అది పని పూర్తయ్యాక వస్తుంది, ముందు మనమే పెట్టాలి. ఫ్లాటుకి 25,000, తర్వాత 9,000 వెనక్కి. కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్లు వేసుకున్నా నెలకి 3,600 యూనిట్లు. మా ఉమ్మడి మీటరుకి యూనిట్టు ఎనిమిది రూపాయల చొప్పున పడుతోంది. మూడేళ్ళలో అసలొచ్చేస్తుంది. ఈ లెక్క మొదటి మీటింగులోనే అందరం ఒప్పుకున్నాం. తేలనిది లెక్క కాదు, చందా.

అందుకే నాలుగో మీటింగుకి ఎక్సెల్ పట్టుకుపోవట్లేదు. ఒక్క కాగితం రాశాను. ఫ్లాటు అడుగుల ప్రకారం ఓనరు వాటా, అద్దెకున్నవాళ్ళకి సంబంధం లేదు. ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఆరు వాయిదాలు. మిగిలిన బిల్లులో నాలుగో వంతు ఇన్వర్టరుకీ, డాబా కారితే దానికీ విడిగా బ్యాంకులో. కట్టనివాళ్ళకి మెయింటెనెన్సులో తగ్గింపు రాదు (లిఫ్టు వైరు పీకలేం కదా మరి!). రూల్సు నావి కావు, మా చెలక పక్కనున్న 18 మోటార్లవి.

కాగితం పెద్దనాయినకి ఫోన్లో చదివి వినిపించా. "మంచిగనే ఉంది గని, ముందుగాల నీ చందా నువ్వు కట్టు. చేతిల పైసల్ కనవడితెనే మిగిలినోళ్లు తీస్తరు" అన్నాడు. నిన్ననే కోశాధికారికి 25,000 చెక్కు ఇచ్చేశాను. ఆదివారం మీటింగు.