టెలివిజన్ హాస్యంలో శ్రమజీవి: కోనసీమ నుంచి ఒక పరిశీలన

ఈ పాఠం చదివే మీలో చాలామంది అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఏదో ఒక పని చేసుకుంటూనే చదువుకుంటున్నవారు. కాబట్టి మీకు దగ్గరి ప్రశ్నతోనే మొదలుపెడదాం. టీవీ హాస్యంలో కష్టజీవి ఎప్పుడు నవ్వించాడు? ఎప్పుడు నవ్వులపాలయ్యాడు?

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. తొలినాళ్లలో టీవీ కొనగలిగిన ఇళ్లు తక్కువ. కూలి చేసుకునేవారు పక్కింటి అరుగు మీద కూర్చుని చూసేవారు. 1986లో జాతీయ ప్రసారంలో వచ్చిన హిందీ ధారావాహిక ‘నుక్కడ్’లో సైకిళ్లు బాగుచేసేవాడు, కరెంటు పనివాడు వంటివారే ప్రధాన పాత్రలు. వారి ఇక్కట్లలోంచే హాస్యం పుట్టింది.

1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చాయి. జెమినిలో 2001 నుంచి 2007 దాకా సాగిన ‘అమృతం’ ఇద్దరు మిత్రుల హోటలు కథ. అందులో పనివాడు సర్వం. జీతగాడే అయినా యజమానుల తెలివితక్కువతనాన్ని బయటపెట్టేది అతడే. ఇక్కడ నవ్వు కిందినుంచి పైకి సాగుతుంది. అయితే కథకు కేంద్రం మాత్రం యజమానులే.

2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైంది. స్కిట్‌కు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ వ్యవధిలో మనిషిని పరిచయం చేయడానికి వేషం, యాస, వృత్తి దగ్గరిదారులయ్యాయి. 2014లో ఒక స్కిట్ తమ స్త్రీలను కించపరిచిందని కల్లుగీత వృత్తికి చెందిన గౌడ కులస్థులు నిరసన తెలిపారు. దీనిని హాస్యం తెలియనితనంగా కొట్టిపారేయకండి. పట్టు తప్పితే ప్రాణం పోయే పని అది. అంత కష్టపడినా దక్కని గౌరవం తెరమీద కూడా పోతే బాధ కలగదా? అలాగని ఆ వేదికను పూర్తిగా నిందించనూ లేము. పేద కుటుంబాల నుంచి వచ్చిన నటులకు అది అన్నం పెట్టింది. చరిత్ర విద్యార్థి ఈ రెండింటినీ కలిపి చూడాలి.

మరి మన ప్రాంతం సంగతి? గోదావరి యాస తెరమీద తరచుగానే వినిపిస్తుంది. కొబ్బరి దింపేవారు, కాయ ఒలిచేవారు, ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లిన స్త్రీలు మాత్రం అరుదుగా కనిపిస్తారు. మాట తెరకెక్కింది, బతుకు తెరకెక్కలేదు.

అభ్యాసం: ఈ వారం ఒక హాస్య కార్యక్రమం చూసి మూడు విషయాలు రాసుకోండి. పాత్ర చేసే పని ఏమిటి? నవ్వు ఎవరి మీద? ఆ పని చేసే మనిషి పక్కన కూర్చుని మీరు అలాగే నవ్వగలరా?