బట్టమేక కోసం ఎడారికి

"ఏట్రా అల్లుడూ, గాలివానకి కూలిపోయిన తాటిమానులా ఉందిది!"

జైసల్మేర్ దగ్గర అకల్‌లో ఇనుప వల ముందు గొంతుకు కూర్చుని మావయ్య అన్న మాట. నిజంగా అలాగే ఉంది. 2014లో హుద్‌హుద్ తుపాను వెళ్లిపోయిన మర్నాడు మా వైపు గట్ల మీద ఇలాంటి మాన్లే అడ్డంగా పడి ఉన్నాయి. అదే బెరడు, అవే చీలికలు. కావలి మనిషి చిన్న ముక్కొకటి చేతిలో పెట్టాడు. మావయ్య దాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు.

"రాయిరా. సాంతం రాయే."

రాయి సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. గరివిడి దగ్గర మాంగనీసు గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఈ దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది మా పక్కనున్న కోడూరులోనే. అయితే మా చీపురుపల్లి చుట్టూ ఉన్న కొండరాళ్లు భూమి లోపల ఉడికి, నలిగి, మళ్లీ గట్టిపడ్డవి. వాటిలో ఆకు అచ్చు గానీ గవ్వ గానీ దొరకదు. ఇక్కడేమో రాతిలో చెట్టు నరాలు కనిపిస్తున్నాయి. మావయ్య కళ్లజోడు తీసి, పంచె కొంగుతో తుడుచుకుని మళ్లీ చూశాడు.

దాదాపు 18 కోట్ల ఏళ్ల నాడు ఇక్కడ అడవి ఉండేది. కూలిన మాన్లని ఒండ్రు కప్పేసింది. ఊటనీటిలో కరిగిన సిలికా కలప కణాల్లోకి ఇంకి, కలప స్థానంలో రాయి మిగిలింది. జైసల్మేర్ నుంచి బార్మేర్ రోడ్డులో 17 కిలోమీటర్లు వస్తే, 21 హెక్టార్లలో అలాంటి మాన్లు పాతిక దాకా ఉన్నాయి. ఇక్కడే నత్తగుల్లల శిలాజాలూ దొరికాయి. అంటే, ఈ ఇసుక ఒకప్పుడు సముద్రాన్నీ చూసింది.

కానీ మేం చీపురుపల్లిలో రైలెక్కి, విశాఖలో, ఢిల్లీలో బండ్లు మారి ఇంత దూరం వచ్చింది పిట్ట కోసం.

ఆ పిట్ట మనదే. బట్టమేక. దాని కోసమే అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడు బీళ్లని 1988లో అభయారణ్యం చేశారు. చుట్టూ పచ్చిక తరిగింది, కాలవ నీళ్లొచ్చాయి, పంటలు మారాయి, పిట్ట కనుమరుగైంది. నేను వెళ్లినప్పుడు కృష్ణజింకలు మందలుగా కనిపించాయి. బట్టమేక మాత్రం బోర్డు మీది బొమ్మలోనే ఉంది. ఆ బొమ్మ ముందు నిలబడ్డప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

అకల్ చూసిన మర్నాడు పొద్దున్నే సుదాసరి చేరాం. ఎడారి జాతీయ పార్కులో కంచె వేసి కాపాడుతున్న పచ్చిక అది. పార్కు మొత్తం 3,162 చదరపు కిలోమీటర్లు. చలికి మావయ్య చెవులకి తుండుగుడ్డ చుట్టుకున్నాడు. చింకారాలు రెండు మమ్మల్ని చూసి ఆగి, తోక ఆడించి వెళ్లిపోయాయి. రెండు గంటలు గడిచాయి.

"గొడావణ్," అన్నాడు కావలి మనిషి, గొంతు తగ్గించి. ఇక్కడ దాని పేరదే.

సేవణ్ గడ్డిలో మీటరు ఎత్తున తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ. కళ్లం చుట్టూ తిరిగే రైతులా నిదానంగా అడుగేస్తోంది. వంగి మిడతని పట్టింది. మావయ్య నా చేతిలోంచి దుర్భిణి లాక్కున్నాడు.

"గుడ్లెన్ని పెడుద్దో అడుగు."

అడిగాను. కావలి మనిషి ఒక వేలు చూపించాడు. ఏడాదికి సాధారణంగా ఒకటే, అదీ నేల మీద. నక్కలు, కుక్కలు, కాకులు దక్కనివ్వవు. అందుకే 2019 నుంచి సమ్ దగ్గర కొన్ని గుడ్లు తెచ్చి యంత్రంలో పొదిగిస్తున్నారు. దేశం మొత్తం మీద మిగిలినవి నూట యాభై లోపేనని అంచనా.

అంతలో పిట్ట రెక్క విప్పింది. బరువైన ఒళ్లు, తక్కువ ఎత్తు. దూరాన గాలిమరల వైపు కరెంటు తీగలు సాగి ఉన్నాయి. దీని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. తీగ కనబడేసరికి తప్పుకోలేనంత దగ్గరవుతుంది. ఆ తీగల మీద 2021లో సుప్రీంకోర్టే ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది.

మావయ్య దుర్భిణి దించేసి నా మణికట్టు పట్టుకున్నాడు.

"నాను సూడలేనురా. నువ్వు సెప్పు."

పిట్ట సాగిపోతోంది. తీగలకి ఇవతలే కాళ్లు చాపింది. గడ్డి కదిలింది.

"దిగిందేట్రా?"

"దిగింది మావయ్యా."

"ఇటేపేనా?"

"ఇటేపే."

చెయ్యి మాత్రం వదల్లేదు.