నొక్కుడు తెలిసిన తెర

వేలు చేసే పనికి తెలుగులో ఎన్నో మాటలున్నాయి. తాకుతాం, తడతాం, మీటుతాం, నొక్కుతాం, ఒత్తుతాం, అదుముతాం. ఒక్కోదానిలో బలం వేరు, ఉద్దేశం వేరు. మన ఫోన్లలో మాత్రం ‘నొక్కండి’ అని రాసి ఉన్నచోట కూడా మనం చేసేది తాకడమే. వేలు వచ్చి వాలిందా లేదా అన్నదే ఆ అద్దానికి కావాలి. ఎంత బలంగా వాలిందో దానికి పట్టదు. తాకడం వేరు, నొక్కడం వేరు అని గుర్తుపట్టే ఫోన్ల కోసం 2015కీ 2019కీ మధ్య పెద్ద ప్రయత్నమే జరిగింది. సరిగ్గా ఫోన్లు అరచేతిని మించి పెరిగిపోతున్న రోజులవి. అయిదేళ్లు తిరక్కుండానే ఆ ప్రయత్నాన్ని చాలించారు. పనికిరాక పోయిందని చాలామంది అనుకున్నారు. నేను అలా అనుకోను. పెద్ద ఫోను పట్టుకున్న చేతికి కావలసిన గుణం అందులో ఉంది. దాన్ని పెట్టిన చోటే తప్పింది.

ఈ ఆలోచన ఫోన్లకంటే చాలా పాతది. వేలి తాకిడిని విద్యుత్తుతో పసిగట్టే తెర గురించి ఇంగ్లండులోని మాల్వెర్న్ రాడార్ పరిశోధనశాల నుంచి ఇ.ఎ. జాన్సన్ 1965లోనే రాశారు. 1978లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు హెరాట్, వైన్‌జాఫెల్ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఒక్క వేలు ఎంత బలంగా నొక్కుతోంది, ఏ పక్కకు నెడుతోంది, ఎటు మెలిపెడుతోంది అన్నది కూడా కొలిచే తెరను వాళ్లు చూపించారు. ఆ తర్వాత టొరంటో విశ్వవిద్యాలయం నుంచి 2004లో వచ్చిన అధ్యయనం ఈ కథకు మూలస్తంభం. రామోస్, బౌలోస్, బాలకృష్ణన్ కలిసి మనిషి తన ఒత్తిడిని ఎన్ని మెట్లుగా అదుపు చేసుకోగలడో పెన్నుతో పరీక్షించారు. ఆరు మెట్ల దాకా బాగానే కుదురుతుందని తేలింది. అయితే ఎంత నొక్కుతున్నామో కళ్లకు కనబడుతూ ఉండాలి. కనబడకపోతే చెయ్యి తడబడుతుంది. తర్వాత ఫోన్లలో జరిగినదంతా ఈ షరతును గుర్తుపెట్టుకుని చూస్తే సులువుగా అర్థమవుతుంది.

మనలో చాలామందికి మొదట పరిచయమైన టచ్ ఫోన్లు నొక్కితేనే పనిచేసేవి. పైన మెత్తటి ప్లాస్టిక్ పొర, దాని కింద మరో పొర. నొక్కినచోట రెండూ కలుసుకుంటేనే ఫోనుకు కబురు అందేది. ఫోను కాకపోయినా, 1996 నాటి పామ్ పైలట్ అలాంటిదే. 2008లో వచ్చిన నోకియా 5800 కూడా అంతే. దానితోపాటు పెన్నే కాక, గిటారు మీటే ముక్క లాంటి చిన్న బిళ్ల కూడా ఇచ్చేవారు. గోటితో గీకి, పుల్లతో పొడిచి వాడిన ఆ తెరలు మనల్ని నొక్కమన్నాయే తప్ప, ఎంత నొక్కామో పట్టించుకోలేదు. 2007లో ఐఫోన్ వచ్చి ఊరికే తాకితే చాలు అంది. అంత హాయి అలవాటయ్యాక మనిషి మళ్లీ నొక్కడానికి ఇష్టపడలేదు.

ఆ ప్రవాహానికి ఎదురు నిలిచింది బ్లాక్‌బెర్రీ స్టార్మ్. 2008లో వచ్చిన ఆ ఫోనుకు తెర మొత్తం ఒకే బటన్. తాకితే అక్షరం వెలుగుతుంది, నొక్కితే పడుతుంది. తాకడం చూసుకోవడానికి, నొక్కడం నిర్ణయానికి. ఆలోచనగా ఇది చక్కనిది. ఆచరణలో ప్రతి అక్షరానికీ అద్దాన్నంతా కిందికి దించి పైకి లేపాలి, టైపు చేసేవాడి వేగం అక్కడే చచ్చిపోయేది. నొక్కడమన్నది అప్పుడప్పుడు, కావాలని చేసే పని. దాన్ని ప్రతి క్షణం చేయించకూడదు. ఆ పాఠం స్టార్మ్ నేర్పింది.

ఈలోగా తెరలు పెరిగాయి. తొలి ఐఫోన్ తెర 3.5 అంగుళాలు. 2011లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 5.3 అంగుళాలతో వచ్చినప్పుడు ఇది ఫోనా పలకా అని జనం తేరిపార చూశారు. 2014లో ఐఫోన్ 6 ప్లస్ 5.5కు చేరింది. జనం ఫోన్లను ఎలా పట్టుకుంటున్నారో 2013లో స్టీవెన్ హూబర్ వీధుల్లో, బస్సుల్లో 1,333 సార్లు గమనించి లెక్క రాశారు. తెరను వేలితో వాడుతున్నవాళ్లలో 49 శాతం ఒంటిచేత్తోనే వాడుతున్నారు. బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డవాళ్లకూ, చంకన బిడ్డనెత్తుకున్నవాళ్లకూ రెండో చెయ్యి ఖాళీ ఉండదు. ఒంటిచేతి బొటనవేలు ఒక చాపం గీసినంత మేరే అందుతుంది. ఆ చాపం బయట ఉన్నదంతా దూరపు ఊరే. ఆపిల్ దీనికి చేసిన మొదటి ఉపాయం, హోమ్ బటన్‌ను రెండుసార్లు తాకితే తెర పైభాగం కిందికి జారిరావడం. అది చేతికి సాయం చేసింది కానీ చూపును చెదరగొట్టింది.

అసలైన ఉపాయం 2015 సెప్టెంబరులో వచ్చిందని అనిపించింది. ఆ నెల 2న బెర్లిన్‌లో హువావే తన 5.5 అంగుళాల మేట్ ఎస్ తెర మీద నారింజ పండు పెట్టి తూచి చూపింది. సరిగ్గా వారానికి, 9న, ఆపిల్ ఐఫోన్ 6ఎస్, 6ఎస్ ప్లస్‌లను ‘త్రీడీ టచ్’తో ప్రకటించింది. తెర వెనక వెలుగునిచ్చే పొరలో సెన్సర్లు అమర్చారు. వేలి బలానికి పైఅద్దం కంటికి కనబడనంత వంగినా, ఆ దూరంలో వచ్చిన తేడాను అవి కొలుస్తాయి. నొక్కుడు అందిందని చెప్పడానికి లోపల చిన్న మోటారు చురుక్కుమని ఒక్క అదురు అదురుతుంది. టొరంటో అధ్యయనం పెట్టిన షరతుకు ఇది కంటితో కాక చర్మంతో ఇచ్చిన జవాబు. ఇందుకు ధర కూడా చెల్లించారు. 6 ప్లస్ 172 గ్రాములుంటే 6ఎస్ ప్లస్ 192 గ్రాములైంది. ఆ అదనపు బరువులో ఎక్కువ భాగం ఈ తెరదే. ఒంటిచేత్తో పట్టుకునేవారికి అది చిన్న విషయం కాదు.

దీనితో రెండు రకాల పనులు పెట్టారు. మొదటి రకం తొంగిచూపులు: ఉత్తరాన్ని తెరవకుండానే నొక్కి చూడటం, యాప్ బొమ్మ మీద నొక్కితే చిన్న జాబితా రావడం. ప్రకటనల్లో వీటినే ఊదరగొట్టారు. నా దృష్టిలో ఇవి అంత అవసరమైనవి కావు. రెండో రకంలోనే దీని విలువంతా ఉంది. కీబోర్డు మీద ఎక్కడైనా నొక్కితే అక్షరాలు మాయమై కీబోర్డంతా టచ్‌ప్యాడ్ అయ్యేది. బొటనవేలు కదిపిన వైపు కర్సర్ కదిలేది. ఇంకొంచెం నొక్కితే మాట ఎంపికయ్యేది. వేలు ఎత్తకుండా, చెయ్యి మార్చకుండా, పైకి చాచకుండా తెర పైకొసనున్న వాక్యాన్ని కింద నుంచే దిద్దవచ్చు. తెలుగు టైపు చేసేవారికి దీని సుఖం వెంటనే తెలుస్తుంది. వత్తు తప్పిన మాట మధ్యలోకి కర్సర్‌ను వేలితో తీసుకెళ్లబోతే ఆ వేలే అక్షరాన్ని కప్పేస్తుంది. కింద నుంచి నడిపితే అక్షరం కనబడుతూనే ఉంటుంది. బొటనవేలు అందే మేర తక్కువైనా, అక్కడే ఉండి లోతుకు దిగితే దూరాన్ని జయించవచ్చని ఈ ఒక్క పని రుజువు చేసింది.

మరి మిగతాది ఎందుకు చెడింది? ముందుగా చేతి సంగతి చూడండి. ఒంటిచేత్తో పట్టుకున్న పెద్ద ఫోను బరువు చిటికెనవేలి మీద, వెనకున్న మూడు వేళ్ల మీద ఆనుతుంది. కింది సగంలో బొటనవేలితో నొక్కితే వెనక వేళ్లు ఎదురు ఆపు ఇస్తాయి. పైమూలకు చాచి నొక్కితే అక్కడ వెనక ఏ ఆపూ ఉండదు. ఫోను తక్కెడలా ఒరుగుతుంది. పైగా చాచిన వేలికి ముడిచిన వేలికున్న బలం ఉండదు. యాప్ బొమ్మలేమో పైనుంచే వరసగా పేర్చి ఉండేవి. కింద మాత్రమే ఉంచుకుందామంటే ఆ స్వేచ్ఛ ఐఫోన్‌లో 2024 దాకా రాలేదు. యాప్‌లు మార్చడానికి తెర ఎడమ అంచున నొక్కాలన్నారు. దాదాపు 78 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫోనును కుడిచేత్తో పట్టుకున్నవారికి అన్నిటికంటే దూరం ఆ అంచే. నొక్కుడును ఎక్కడ సులువో అక్కడ కాక, ఎక్కడ కష్టమో అక్కడ పెట్టారు.

ఇక కంటి సంగతి. ఏది నొక్కితే పలుకుతుందో, ఏది పలకదో తెర మీద ఏ గుర్తూ లేదు. నాలుగుచోట్ల నొక్కి ఏమీ జరగకపోతే అయిదోచోట ఎవరూ నొక్కరు. వేళ్లలో బలం తగ్గిన పెద్దవాళ్లకు, చెయ్యి వణికేవారికి ఎంత నొక్కాలన్నదే సమస్య. తేలిక, మధ్యస్థం, గట్టి అని మూడు స్థాయులు సెట్టింగుల్లో ఉన్నా, వాటిని వెతికి మార్చుకునేంత ఓపిక ఎందరికి ఉంటుంది? 2016 నాటి ఐఫోన్ ఎస్ఈకి ఈ తెర లేదు, ఏ ఐప్యాడ్‌కూ లేదు. అందరి దగ్గరా లేనిదాన్ని నమ్ముకుని ముఖ్యమైన పని ఏదీ దానికి అప్పగించలేమని యాప్‌లు రాసేవారు వెనక్కి తగ్గారు. మెయిజు ప్రో 6, హువావే పీ9 ప్లస్, షావోమి ఎమ్ఐ 5ఎస్‌లో ఒక రకం కూడా ఒత్తిడి తెరతో వచ్చి వెళ్లాయి. 2016లో ఆండ్రాయిడ్ 7.1 అదే చిన్న జాబితాను ఊరికే వేలు పెట్టి పట్టుకుంటే చాలన్నట్టు తెచ్చేసరికి, ఆ పనికి సెన్సరు అక్కర్లేదని తేలిపోయింది.

చోటు సరిగ్గా ఎంచుకున్నవారు లేకపోలేదు. 2017లో గెలాక్సీ ఎస్8, ఎస్8 ప్లస్‌లకు శాంసంగ్ హోమ్ బటన్ తీసేసి, తెర అడుగున ఆ మేర మాత్రమే ఒత్తిడి తెలిసేట్టు చేసింది. తెర ఆరి ఉన్నా అక్కడ నొక్కితే ఫోను మేలుకునేది. 6.2 అంగుళాల ఫోనులో కూడా బొటనవేలు సహజంగా వాలే చోటది. ఎక్కడ నొక్కాలో వెతుక్కోనక్కర్లేదు, పొరపాటున తగిలినా పలకదు. పెద్ద ఫోన్లకు ఒత్తిడిని ఇంత సబబుగా వాడిన ఏర్పాటు తెర మీద నాకు మరొకటి కనబడలేదు. అదే ఏడాది హెచ్‌టీసీ యు11, గూగుల్ పిక్సెల్ 2 ఫోను పక్కలను పిడికిట బిగిస్తే పలికేలా చేశాయి. పట్టుకున్న చేతినే మీటగా మార్చిన ఆ ఆలోచన కూడా మంచిదే.

2018లో ఐఫోన్ ఎక్స్ఆర్ ఈ సెన్సరు లేకుండా వచ్చింది. 2019లో ఐఫోన్ 11 వరస మొత్తం దాన్ని వదిలేసింది. బలం స్థానంలో సమయం వచ్చింది: నొక్కే బదులు పట్టుకుని ఆగాలి. 2020లో ఆపిల్ వాచ్ కూడా అదే దారి పట్టింది. ఫోనులో వీడియో గేములు ఆడేవారి కోసం చేసిన బ్లాక్ షార్క్ 2, ఐక్యూ 7 లాంటి ఫోన్లలో మాత్రం ఒత్తిడి తెర ఇంకొన్నాళ్లు బతికింది. తుపాకీ పేల్చడానికి బొటనవేలు కదపకుండా నొక్కితే చాలన్న సుఖం వాళ్లకు తెలుసు.

కర్సర్ నడపడం ఇప్పటికీ ఉంది, స్పేస్‌బార్‌ను పట్టుకుని ఆగితే వస్తుంది. కానీ ఆ ఆగడంలో ప్రతిసారీ ఒక తడవు పోతుంది. ఇంకొంచెం నొక్కి మాట ఎంపిక చేసే వీలు పోయింది. ఇప్పుడు దానికి రెండో వేలు తగిలించాలి, అంటే పెద్ద ఫోనులో రెండో చెయ్యి కావాలి. ఒంటిచేతి పనిని రెండు చేతుల పనిగా మార్చినందుకు నాకు బాధగానే ఉంది. 2024లో ఐఫోన్ 16 పక్కన పెట్టిన కెమెరా బటన్‌లో ఒత్తిడి కొలిచే సెన్సరు మళ్లీ వచ్చింది. ఈసారి తెర మీద కాదు, ఫోను అంచున.

మీ ఇంట్లో ఐఫోన్ 6ఎస్ ప్లస్ నుంచి ఎక్స్ఎస్ మ్యాక్స్ దాకా ఏ పెద్ద ఫోనైనా బీరువా మూలన పడి ఉంటే, చార్జింగ్ పెట్టి ఒక పేరా తెలుగులో రాయండి. ఒంటిచేత్తోనే పట్టుకుని, కీబోర్డు నడుమ బొటనవేలితో నొక్కి, ఆ వేలు ఎత్తకుండానే ఒక మాట దిద్ది చూడండి.